గొర్రెల మందలో మా పిల్లి

ఆ వారమంతా మా ఇంట్లో ఎక్కడ చెయ్యి పెట్టినా దూదే తగిలింది. మంచం కింద దూది, కంచంలో దూది, చంటివాడి నోట్లో దూది. ఆదివారం చర్చిలో పిల్లల కార్యక్రమం. తప్పిపోయిన గొర్రెపిల్ల కథను నాటకంగా వేస్తున్నారు. మా కోడలు బట్టలు కుట్టే మనిషి కాబట్టి మంద మొత్తానికీ వేషాలు కుట్టే పని మా ఇంటి మీద పడింది. పడలేదు లెండి, తనే ఎదురెళ్లి తెచ్చుకుంది. సండే స్కూల్ టీచరమ్మ ఇంకా నోరు తెరవకముందే "నేనున్నాగా" అనేసింది. ఆ 'నేనున్నాగా'లో నేనూ ఉన్నానని సూదీ దారం చేతికిచ్చాక గానీ నాకు తెలియలేదు.

పాత దుప్పట్లు కత్తిరించి తొడుగులు కుట్టాం. దూదిని జిగురుతో అంటిస్తే ఆరాక రాలిపోయింది. ఇక దిండ్లు విప్పి, ఆ దూదిని ఉండలు చేసి, ఒక్కో ఉండనూ కుట్టుకుంటూ పోయాం. చెవులకు మా అబ్బాయి పాత సాక్సులు వాడాం. వాడు బస్సుల గ్యారేజీలో మెకానిక్కు. ఎన్నిసార్లు ఉతికినా ఆ గ్రీజు మరకలు వదిలితేగా!

"మచ్చల గొర్రెలు మాత్రం ఉండవా ఏంటి అత్తయ్యా, కుట్టెయ్యండి" అంది కోడలు.

కుట్టేశాను. తోకల దాకా వచ్చేసరికి నా తల ప్రాణం ఆ తోకలకే వచ్చింది. అయినా నిజం చెప్పొద్దూ, ఇల్లంతా అలా సందడిగా ఉంటే నాకు మహా సరదాగా ఉంది.

తప్పిపోయే గొర్రెపిల్ల వేషం మా మనవరాలిది. అల్లరి అన్నకూ చంటి తమ్ముడికీ మధ్య పిల్ల. పెద్దవాడు అరిచి సాధించుకుంటాడు, చంటివాడు ఏడ్చి సాధించుకుంటాడు. ఇది మాత్రం అడుగు చప్పుడు కూడా కాకుండా వచ్చి పక్కన కూర్చుంటుంది. అందుకే ఇంట్లో అందరం దాన్ని పిల్లీ అని పిలుస్తాం. అలాంటిది, వేషం ఖాయమైన రోజు మంచం విరిగేలా గంతులు వేసింది. కాపరి వేషం వాళ్ల నాన్నకే వచ్చింది మరి. చివర్లో గొర్రెపిల్లను భుజాల మీదికి ఎత్తుకోవాలి కాబట్టి, మందలో అందరూ పిల్లలే అయినా కాపరి మాత్రం పెద్దవాడై ఉండాలని టీచరమ్మ పట్టుబట్టింది.

మా వాడి మాట మీసం దాటి రాదు. ఇంజన్లతో మాట్లాడినన్ని మాటలు ఇంట్లో మాట్లాడడు. ఉన్నది ఒకే ఒక్క డైలాగు: "దొరికింది, నా గొర్రెపిల్ల దొరికింది!" దాన్ని గ్యారేజీలో టైర్ల ముందు నిలబడి బట్టీ పట్టాడట.

"నాన్నా, నన్ను నిజంగా వెతుకుతావా?" అని అడిగింది పిల్లి.

"వెతకడానికేముందే? ప్రసంగం చెప్పే ఆ పుల్పిట్ వెనకాలేగా నువ్వు దాక్కునేది. తిన్నగా అక్కడికే వచ్చేస్తా."

దాని మొహం చిన్నబోయింది. నేను చూశాను, చూసి మళ్లీ తోకల్లో పడిపోయాను.

గురువారం సాయంత్రం చర్చిలో రిహార్సల్ అయింది. దూది సంచులతో నేనూ కోడలూ చంటివాడూ ఆటో ఎక్కాం. పెద్దవాణ్ణి ఎక్కించుకుని మా అబ్బాయి బండి మీద బయల్దేరాడు. పిల్లి ఆటోలో ఉందని వాళ్లు, బండి మీద ఉందని మేము. ఇంటికొచ్చి మళ్లీ దూది ముందేసుకుని కూర్చున్నాం. అన్నాలకు కంచాలు పెట్టాక ఒక కంచం ముందు ఎవరూ లేరు. పై ప్రాణాలు పైనే పోయాయి.

అందరం పరుగెత్తాం. చర్చి ఊడ్చే ఆవిడ పక్కన మెట్ల మీద కూర్చుని ఉంది పిల్ల. ఏడవలేదు. కోడలే దాన్ని పట్టుకుని బావురుమంది. అప్పుడది నెమ్మదిగా అడిగింది: "అమ్మా, నేను లేనని ఎప్పుడు తెలిసింది?"

"కంచాలు పెట్టినప్పుడే అమ్మా."

"ఓహో" అంది. తిట్టినా బాగుండేదనిపించింది నాకు.

ఆదివారం చర్చి కిటకిటలాడిపోయింది. మచ్చల చెవుల మంద బిలబిలమంటూ వేదిక ఎక్కగానే చప్పట్లు మారుమోగాయి. నేను ముందు బెంచీలో కూర్చుని మురిసిపోయాను. మా వాడు తలపాగాతో, కర్రతో వచ్చి గొర్రెల్ని లెక్కపెట్టి, ఒకటి తక్కువైందని తల పట్టుకున్నాడు. తిన్నగా పుల్పిట్ వెనక్కి వెళ్లాడు. అక్కడ పిల్లి లేదు.

వాడు కర్ర పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. "పిల్లీ..." అన్నాడు మీసంలోనే. పియానో కింద చూశాడు. తెర ఎత్తి చూశాడు. "పిల్లీ!" అన్నాడు కాస్త గట్టిగా. గొర్రె కోసం వెతికే కాపరి పిల్లిని పిలవడమేంటని జనం పడి పడి నవ్వారు. వాడు నవ్వలేదు. వేదిక దిగి బెంచీల మధ్య కాలుగాలిన పిల్లిలా తిరగసాగాడు. తలపాగా ఊడి మెడలో పడింది.

అప్పుడు నా కాలి మడమను ఓ చిన్న చెయ్యి పట్టుకుంది. వంగి చూద్దును కదా, నా బెంచీ కింద దూది సంచుల మధ్య రెండు మచ్చల చెవులు! పెదవుల మీద వేలు పెట్టుకుని నా వైపే చూస్తోంది.

నా నోట్లో నువ్వుగింజ నానదని మా కోడలి ఫిర్యాదు. వేదిక పక్కన ఆ కోడలే చంటివాణ్ణి చంకనేసుకుని కళ్లనీళ్లు పెట్టుకుంటోంది. చెప్పేద్దామని నోరు తెరిచాను.

"నానమ్మా, ఇంకొక్కసారి పిలవనీ" అంది గుసగుసగా.

నోరు మూసుకున్నాను.

"పిల్లీ! ఎక్కడున్నావే నా తల్లీ!" మా వాడి గొంతుకు కిటికీ అద్దాలు అదిరాయి. కన్నతల్లిని, వాడికంత గొంతు ఉందని నాకే తెలియదు. జనం నవ్వడం మానేశారు.

బెంచీ కింద నుంచి పిల్లి పాక్కుంటూ వచ్చి వాడి ఎదుట నిలబడింది. వాడు కర్ర వదిలేసి మోకాళ్ల మీద కూలబడి దాన్ని వాటేసుకున్నాడు. అన్ని రోజులు బట్టీ పట్టిన డైలాగు ఏమైపోయిందో! మా పెద్దవాడే తెలివిగా "దొరికింది!" అని అరిచాడు. మందంతా అందుకుంది. చర్చి దద్దరిల్లింది.

ఆ హోరులో వాడు దాన్ని భుజాల మీదికి ఎత్తుకున్నాడు. పక్కనే ఉన్నాను కాబట్టి నాకు వినిపించింది.

"నాన్నా, నేను లేనని ఎప్పుడు తెలిసింది?"

"వెంటనే" అన్నాడు వాడు. "వెంటనే తెలిసింది తల్లీ."

"ఓహో" అంది పిల్లి, నాన్న తలను రెండు చేతులతో చుట్టేసి.