తనిఖీ రోజు పిల్లలు

గురువారం తనిఖీ ఉందని సోమవారం పొద్దున మా హెడ్మాస్టర్ సదానందం సార్‌కు ఫోన్ వచ్చింది. ఫోన్ జేబులో పెట్టుకుని ఆయన హాజరు రిజిస్టరు తెరిచాడు. వేలు పేర్ల వెంట కిందిదాకా పోయింది. ఇరవై ఒకటి. తర్వాత తల ఎత్తి వరండాలో కూర్చున్న పిల్లల్ని లెక్కపెట్టాడు. పదమూడు.

"ఎనిమిదిమంది తక్కువున్నరు తిరుమలా," అన్నాడు నాతో, అప్పుడే తెలిసినట్టు.

నాకు ఉద్యోగంలో చేరిన మొదటి వారంలోనే తెలిసింది. మా ఊరు నిర్మల్ నుంచి గంట దూరం. రోజూ ఎనిమిదింటికి పసుపు వ్యాను వచ్చి చౌరస్తాలో హారన్ కొడుతుంది. ఆ ఎనిమిదిమందీ అదే ఎక్కి ప్రైవేటు బడికి పోతారని సార్ చెప్పాడు. పేర్లు మాత్రం మా దగ్గర ఉంచుకున్నారు. రిజిస్టరు రాసేది నేను. మొదటిరోజే ఆయన నా పక్కన నిలబడి, ఇరవై ఒక్క పేర్ల ముందూ 'పి' ఎట్లా రాసుకుంటూ పోవాలో చూపించాడు. ఎనిమిది నెలలుగా అట్లాగే రాస్తున్నాను. రాసేటప్పుడు ఏమీ అనిపించేది కాదు. రాశాక కాసేపు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు.

పిల్లలు ఇరవై కంటే తగ్గితే రెండో టీచరు పోస్టు ఎత్తేస్తామని ఉత్తరువు వచ్చింది. రెండో టీచర్ని నేనే. కడెం అవతల అడవిలో ఏదో ఒంటి టీచరు బడికి పంపుతారు. ఇక్కడ ఐదు తరగతులకూ సార్ ఒక్కడే మిగులుతాడు. ఆయనకు మోకాళ్ళ నొప్పి, ఆఫీసు కాగితాలు, వచ్చే ఏడాది రిటైర్మెంటు. నా దగ్గరున్న చిన్నపిల్లలు ఇప్పుడిప్పుడే అక్షరాలు కూడబలుక్కుని చదువుతున్నారు.

"ఒక్కరోజుకు పిల్లలను పంపుమని ఇల్లిల్లు తిరుగు. నీ మాట ఇంటరు," అన్నాడు సార్.

మంగళవారం సాయంత్రం రోజారాణి ఇంటికి పోయాను. ఆమె వాకిట్లో మక్కకంకులు ఒలుస్తోంది. ఆ ఎనిమిదిమందిలో ఒకడైన ఆమె కొడుకు సాయిచంద్ రెండో తరగతి.

"ఒక్కరోజే గద మేడం, తీస్కపోండ్రి. వ్యానాయనకు నేను ఫోన్ జేస్త. గని వాడు మీ బళ్ళె గూసోని 'మా బళ్ళె గిట్లుండది' అంటె నన్ననద్దు మల్ల," అని నవ్వింది. "బాసరల అక్షరాభ్యాసం జేపిచ్చిన కాడికెల్లి వానికి నోరు లేసింది. చేతిరాత మాత్రం లేవలే."

గోడపక్కన మంచంలో ఆమె భర్త నానమ్మ బాలవ్వ పడుకుని ఉంది. తొంభైకి దగ్గర. నిద్రపోతోందనుకున్నాను.

"ఏడికి తీస్కపోతవు బిడ్డా పోరన్ని?"

"తనిఖీ ఉందవ్వా. జర పిల్లలు ఎక్కువ కనవడాలె."

"ముఆయినానా?" అంటూ ఆమె లేచి కూర్చుంది. తనిఖీకే ఆమె కాలపు మాట కాబోలు, నేనెప్పుడూ వినలేదు. "మంచి లంగ తొడుగుతరా మరి?"

"లంగ ఏందవ్వా, వాడు మొగపోరడు!" అంది రోజారాణి.

"నాకు తొడిగిండ్రు." బాలవ్వ నావైపు తిరిగింది. "నైజాం సర్కారప్పుడు. నాకు ఆరేండ్లో ఏడేండ్లో. మేకల కాడ ఉంటె పటేలు జీతగాడొచ్చి చెయ్యివట్టి గుంజుకపోయిండు. పటేలు బిడ్డ లంగ తొడిగి, తలకు నూనె వెట్టి, ముందు వరసల గూసోవెట్టిండ్రు. నా అసొంటోళ్ళు పదిమందైన ఉంటరు. సాబు పేరడిగితె జెప్పు, ఇంకేమన్న అడిగితె సిగ్గువడ్డట్టు తల వంచుకో అన్నడు పంతులు. గుర్రం మీద సాబొచ్చిండు. లెక్క వెట్టిండు. పోయిండు. పొద్దుగూకక ముందే లంగ ఇడిపిచ్చుకున్నరు."

"తెల్లారి బడికి పోలేదా అవ్వా?"

"మేకలెవడు గాస్తడు? పేరైతె పుస్తకంల ఎక్కిచ్చిండ్రు." ఆమె చీర కొంగు వేలికి చుట్టుకుంది. "మూడేండ్లకు ఇంకో పంతులొచ్చిండు. మంచోడు. బడికి రాని పిల్లలను ఎతుక్కుంట ఇల్లిల్లు తిరిగిండు. మా గడప కాడికొచ్చి సంకల పుస్తకం తీసి జూసిండు. 'బాలి... గీ పిల్ల బళ్ళెనే ఉన్నది గద, రోజు హాజరే' అన్నడు. నేను గాయన ముందల్నే ఉన్న, తమ్మున్నెత్తుకోని. పక్కింటికి వోయిండు."

"మీ బాపు చెప్పలేదా?"

"ఎట్ల జెప్తడు? బడి పటేలు ఇంట్ల. పుస్తకం తప్పంటె పటేలు తప్పన్నట్టేనాయె." వేలికి చుట్టిన కొంగు విప్పింది. "ముందటి పంతులు మీద నాకు కోపం లేదు. లెక్క తగ్గితె బడి ఎత్తేద్దురు, ఆయన్ను సిర్పూరు జంగల్ల ఏద్దురు. గని పుస్తకంల 'రాలే' అని ఉంటె, గా మంచి పంతులు నన్ను పిలుస్తుండె గద బిడ్డా?"

రోజారాణి కంకి ఒలవడం ఆపింది. "గీ ముచ్చట మాకెన్నడు జెప్పలేదేందవ్వా?"

"ఎవలడిగిండ్రే?"

దారి పొడుగునా నా అడుగులు వేగంగా పడ్డాయి, ఎవరో పిలుస్తుంటే తప్పించుకుని పోతున్నట్టు. డి.ఎడ్.లో మాకు పరాయి పాలనలో చదువు ఎట్లా పెరిగిందో ఒక పాఠం ఉండేది. ఇంగ్లీషువాళ్ళ ఇలాకాలో రిజిస్టర్లు, తనిఖీలు, పిల్లల లెక్కను బట్టి గ్రాంటు ఎట్లా వచ్చాయో, అదే పద్ధతి నిజాం రాజ్యంలోకి ఎట్లా దిగిందో రాయాలి. కింద ఒక పట్టిక ఉండేది. ఏ ఏడు ఎన్ని బడులు, ఎంతమంది పిల్లలు. అంకెలు ప్రతి వరసలోనూ పెరిగేవి. పది మార్కుల ప్రశ్న. నేను ఆ అంకెలన్నీ కంఠస్థం చేసి తొమ్మిది తెచ్చుకున్నాను. మేకలు కాసిన బాలిని కూడా లెక్కలో కలిపి కంఠస్థం చేశానన్నమాట.

బుధవారానికి ఏడుగురు ఒప్పుకున్నారు. మిగిలింది కైనాత్. తొమ్మిదేళ్ళ పిల్ల, నేనెప్పుడూ చూడలేదు. వ్యాను ఎక్కకముందే కలిసి, రేపు మా బడికి పంపమని చెబుదామని పొద్దున్నే వాళ్ళింటికి పోయాను. తల్లి రషీదా గడపలో చేట ఒడిలో పెట్టుకుని బీడీలు చుడుతోంది. పక్కన ఒక ఆడపిల్ల చిన్న కత్తెరతో తునికాకు కత్తిరిస్తోంది. ఒళ్ళో పాకే వయసు పిల్లాడు.

"వ్యాను అప్పుడే పోయిందా? కైనాత్ ఎక్కలేదా?" అన్నాను.

రషీదా కిసుక్కున నవ్వింది. "వ్యాను ఎక్కడిది మేడం? మా ఆయన మస్కట్‌ల వ్యాను నడుపుతడు, ఇక్కడ గాదు. కైనాత్ జూన్ నుంచి ఇంట్లనే ఉంది. చిన్నోడు పుట్టినంక నా నడుము పోయింది. ఇది లేకుంటె వాణ్ణెవరు ఎత్తుకుంటరు?"

"మరి బడి?"

"బడిల పేరు నడుస్తుంది గద? సార్ చెప్పిండు, పేరు తీసెయ్య అని. అందుకే ఫికర్ చెయ్యలే."

కైనాత్ కత్తెర ఆపి నన్ను చూసింది. "మేడం, ఇప్పుడు నేను ఏ తరగతిల ఉన్న?"

"మూడు," అన్నాను.

"విన్నవా రా?" అని తమ్ముడి బుగ్గ గిల్లింది. "మనం మూడుకొచ్చినమంట."

నవంబరులో బడి బయటి పిల్లల సర్వే కాగితం నేనే నింపాను. మా ఊరికి 'లేరు' అని రాసి సంతకం పెట్టాను. ఇంటింటికీ తిరగలేదు. రిజిస్టరు చూసి రాశాను.

మధ్యాహ్నం కైనాత్ సంగతి సార్‌కు చెప్పాను. ఆయన నిజంగానే కంగారుపడ్డాడు. "అది గూడ వ్యాన్ల పోతుందనుకున్న గదా!" అన్నాడు. వెంటనే, "రేపు దాటనియ్యి తల్లీ. తర్వాత జూద్దాం," అన్నాడు.

గురువారం ఎనిమిదిమందీ వచ్చారు. బీరువాలో మిగిలిన యూనిఫాంలు తొడిగాం. సాయిచంద్ చొక్కా మోచేతుల దగ్గర బిగుసుకుపోయి చేతులు దూరంగా పెట్టుకుని నిలబడ్డాడు. కైనాత్ తల నున్నగా దువ్వుకుని వచ్చింది. అందరికంటే ముందు కూర్చుని, పక్కపిల్ల పుస్తకంలోకి తొంగి చూస్తూ పెదాలు కదుపుతోంది. నేను ఒకచోట నిలవలేకపోయాను. బోర్డు తుడిచాను, తుడిచిన బోర్డే మళ్ళీ తుడిచాను.

పదకొండున్నరకు మండలం నుంచి అధికారి వచ్చాడు. నిలబడే లెక్కపెట్టి, కాగితం మీద ఇరవై ఒకటి వేశాడు.

"సార్," అన్నాను. నా గొంతు నాకే గట్టిగా వినిపించింది. "వీళ్ళల్ల ఎనిమిదిమంది రోజు రారు. ఒక పిల్ల ఏ బడికీ పోతలేదు."

సదానందం సార్ కళ్ళు మూసుకున్నాడు. అధికారి కలం ఆగింది. నన్ను కాదు, పిల్లల్ని చూశాడు.

"మేడం, నాకు ఇరవై ఒక్కమంది కనవడుతుండ్రు. నేను జూసింది నేను రాస్త. ఇంక ఆరు బడులు తిరగాలె ఇయ్యాల." సంతకం చేసి రిజిస్టరు నా చేతికిచ్చాడు. "రోజు రాసేది మీరు గద. మీరు జూసింది మీరు రాయండ్రి."

అధికారి మోటార్‌సైకిల్ చప్పుడు దూరమైంది. సార్ కుర్చీలో కూలబడ్డాడు. "పోస్టు నాది గాదు, నీది. నీ కోసమే గద నేను పరేషానయ్యేది!"

"తెలుసు సార్."

"తెలిసే అన్నవా? మరీ మంచిదానివి తల్లీ!"

శుక్రవారం పొద్దున వ్యాను హారన్ కొట్టి పోయింది. గంట మోగించి, పిల్లల్ని కూర్చోబెట్టి రిజిస్టరు తెరిచాను. పేర్లు పిలిచాను. ఇన్నాళ్ళూ పిలవకుండానే రాసేదాన్ని. కైనాత్ పేరు దగ్గర రెండుసార్లు పిలిచి ఆగాను. ఎర్ర కలంతో 'ఏ' అని రాశాను. మిగతా ఏడుగురికీ రాశాను.

సార్ వచ్చి నా భుజం మీదుగా చూశాడు.

"గిట్లనే రాస్తె నెలాఖరుకు పదమూడే వస్తది. ఎండకాలం సెలవులల్ల కాగితం వస్తది నీకు."

"రానియ్యండ్రి."

"గీ పిల్లలను నేనొక్కన్నే ఎట్ల జూసుకుంట?" ఈసారి ఆయన గొంతులో కోపం లేదు. ఆయన మోకాలు పట్టుకుని మెల్లగా తన తరగతిలోకి పోయాడు.

అన్నాల గంట కొట్టాక పిల్లల్ని వంటామెకు అప్పగించి రషీదా ఇంటికి నడిచాను. నన్ను చూడగానే ఆమె చేట పక్కన పెట్టింది.

"మల్ల తనిఖీనా మేడం?"

"కాదు. ఇయ్యాల కైనాత్ బడికి రాలేదు. ఎందుకు రాలేదో అడుగుదామని వచ్చిన."

రషీదా కూతురివైపు చూసింది. పిల్ల తమ్ముణ్ణి ఒళ్ళోంచి దించి, కత్తెర చేతిలో పట్టుకుని లేచి నిలబడింది.

"జూన్ల రాలే, జులైల రాలే, అప్పుడు ఎవరూ అడగలే," అంది రషీదా.

"అవును. అడగలే."

ఆమె ఆకుల కట్ట జరిపి, గడప మీద చోటు చేసింది.

"కూసో అయితె," అంది. "చెప్త."