కింది వరసలో ఒక పన్ను

వాష్‌బేసిన్ కడిగేది నేనే కాబట్టి, నా చిగుళ్ళలోంచి రక్తం వస్తున్న సంగతి ఇంట్లో నాకు తప్ప ఎవరికీ తెలియలేదు. పొద్దున్నే పళ్ళు తోముకోగానే నీళ్ళు పోసి, వేలితో రుద్ది, తెల్లగా చేసి వచ్చేదాన్ని. నా తర్వాత వచ్చేవాళ్ళు చూసి ఇబ్బంది పడకూడదు కదా. కొన్ని నెలలు అలాగే గడిచాయి. కింది వరసలో నా ముందు పళ్ళు, బస్సులో సీటు కోసం తోసుకునే మనుషుల్లా ఒకదాని మీదికి ఒకటి ఎక్కి ఉంటాయి. వాటి మధ్యకి బ్రష్షు దూరదు. అందులో ఒకటి చోటు దొరక్క ముందుకి తోసుకొచ్చింది. దాని చిగురు కిందికి జారి, పన్ను పొడుగ్గా కనిపించసాగింది. గట్టిది ఏదైనా కొరికితే కదిలినట్టుండేది. మొదట ఎడంపక్కనే నమలడం అలవాటు చేసుకున్నాను. తర్వాత మెత్తనివే తినడం మొదలుపెట్టాను. ఆపైన అందరూ తిని లేచాక, ఒక్కదాన్నే కూర్చుని మెల్లగా తినేదాన్ని. నేను ఆఖర్న తినడం ఆ ఇంట్లో కొత్తేమీ కాదు గనక అదీ ఎవరి కంటా పడలేదు.

పై పళ్ళ సంగతి వేరు. అవి పెళ్ళిచూపుల నాటినుంచీ అందరి కంటా పడుతూనే ఉన్నాయి. మరీ అంత ఎత్తుపళ్ళు కావు గాని, పెదవులు మూసుకోవాలంటే గుర్తుపెట్టుకుని మూసుకోవాలి. పెళ్ళయిన కొత్తలో మా ఆయన తన స్నేహితుల ముందు, "మా ఆవిడ గుమ్మంలోకి రాకముందే పళ్ళు వచ్చేస్తాయి" అన్నారు. వాళ్ళు నవ్వారు. సరదాగా అన్న మాట కూడా పడదంటారని నేనూ నవ్వాను. నవ్వుతున్నప్పుడు వాళ్ళంతా నా నోటివైపే చూశారు. పాప పుట్టినప్పుడు ఆసుపత్రిలో ఉయ్యాలలోకి తొంగిచూసి, "పోలిక నాదేలే, గండం గడిచింది" అన్నారు. దానికి అప్పటికి ఒక్క పన్ను కూడా లేదు. ఆయన చెడ్డమనిషి కాదు. జ్వరం వస్తే మందు తెచ్చిస్తారు, గొంతు పెంచి మాట్లాడరు. కాకపోతే నా ముఖం గురించి ఏమన్నా అనొచ్చు అనేది ఆ ఇంట్లో, అందరిదీ అయిన కుర్చీలాగా, ఎవరైనా వాడుకోగల వస్తువైపోయింది.

నేను పనిచేసేది కుట్టు మిషన్ల కంపెనీలో. మిషను కొన్నవాళ్ళకి దారం ఎలా ఎక్కించాలి, బాబిన్ ఇరుక్కుంటే ఎలా తీయాలి, కుట్టు వదులైతే ఏ మర తిప్పాలి అని చెప్పడం నా ఉద్యోగం. రెండేళ్ళ కిందట ఇవన్నీ వీడియోలుగా తీయాలనుకున్నారు. ఏం చెప్పాలో మొత్తం నేనే రాశాను. తీసే రోజు మేనేజరు నన్ను పక్కకి పిలిచి, "మీరు వెనకుండి నడిపించండి మేడమ్, కెమెరాకి ఆ కొత్తమ్మాయి బావుంటుంది" అన్నాడు. ఆ కొత్తమ్మాయి మంచిపిల్లే, నన్ను అక్కా అనే పిలుస్తుంది. కానీ సూదిలో దారం ఎక్కించడం రాదు. అందుకని మిషను దగ్గరగా చూపించినప్పుడు నా చేతులు తీస్తారు, మాట్లాడేటప్పుడు ఆమె ముఖం తీస్తారు. ఇద్దరికీ ఒకే రంగు గాజులు వేయించారు. వీడియోల కింద జనం ఆ అమ్మాయిని మెచ్చుకుంటూ ఎన్నో రాస్తారు. ఒకావిడ మాత్రం, చేతులు కొంచెం పెద్దవయసువాళ్ళవిలా ఉన్నాయేంటి అని రాసింది.

పన్ను కదులుతోందని మా ఆయనతో ఒకసారి అన్నాను. "వయసొస్తుంటే కదలవా మరి" అన్నారు పేపర్లోంచి తలెత్తకుండా. అయినా ఆ శనివారం నేను పళ్ళ డాక్టరు దగ్గరికి బయల్దేరితే, తనకి అటువైపు పనుందని, దించుతానని బండెక్కించుకున్నారు. ఆ పని వాయిదా పడిందని లోపలికి కూడా వచ్చి కూర్చున్నారు. పళ్ళ వరస సరిచేసే ఆ డాక్టరు నా వయసు మనిషే. నా పళ్ళ అచ్చు తీసి, ఎక్స్‌రేలు తీసి, పక్కనుంచి ఒక ఫొటో కూడా తీసింది. ముందు చిగుళ్ళు శుభ్రం చేసి బాగుచేయాలని, ఆ తర్వాత క్లిప్పులు పెట్టి వరస సరిచేస్తే తప్ప మళ్ళీ ఇదే వస్తుందని చెప్పింది. అంతవరకూ మా ఆయన ఫోన్లో ఏదో చూసుకుంటున్నారు.

"సరిచేయాలంటే చోటు కావాలి" అంది డాక్టరు. "పైన రెండు, కింద రెండు, కోరపళ్ళ వెనకవి తీసేస్తే చోటు బాగా దొరుకుతుంది. ముందు పళ్ళు లోపలికి వెళతాయి, పెదవులు కూడా కొంచెం లోపలికి వెళతాయి. తీయకుండానూ చేయొచ్చు. పళ్ళని పక్కల్లో కాస్త అరగదీసి సర్దుతాం. కానీ మీ కింది చిగుళ్ళు పల్చగా ఉన్నాయి, అక్కడ పళ్ళని ఇంకా బయటికి నెట్టడం నాకంత ఇష్టం లేదు." అంటూ నా పక్క ఫొటోని తెరమీద పెట్టి, పెదవులు ఎక్కడిదాకా వెళ్ళొచ్చో ఒక గీత గీసింది.

మా ఆయన ఫోన్ జేబులో పెట్టుకుని కుర్చీ ముందుకి జరుపుకున్నారు. ఎంత లోపలికి వెళతాయి, ఎన్నాళ్ళు పడుతుంది, మళ్ళీ బయటికి రావు కదా అని ఒకదాని వెనక ఒకటి అడిగారు. నా గురించి ఆయన ఒకే రోజు అన్ని ప్రశ్నలు వేయడం అదే మొదటిసారి. నమలడం గురించి ఒక్కటీ అడగలేదు. ఇంటికి వెళ్ళేటప్పుడు బండి మీద ఈల కూడా వేశారు. "నాలుగూ తీయించేసెయ్. శుక్రవారం పెట్టుకుంటే శని, ఆదివారాలు విశ్రాంతి దొరుకుతుంది" అన్నారు. ఇంటిల్లిపాది వారం బట్టలూ నేను ఉతికేది శని, ఆదివారాల్లోనేనని ఆయనకి గుర్తులేదు.

ఆ వారమంతా నా నోరు ఇంట్లో అందరి పనీ అయిపోయింది. ఆడపడుచు ఫోన్ చేసి, ఈ పని పెళ్ళికి ముందే చేయించి ఉంటే ఫొటోలన్నా బావుండేవి వదినా అంది. ఆఫీసులో సెలవు అడిగితే మేనేజరు సంతోషించాడు. క్లిప్పులు తీసేశాక మిమ్మల్నీ కెమెరా ముందు ఒకసారి చూద్దాం మేడమ్ అన్నాడు, నాకేదో బహుమతి ప్రకటించినట్టు. పాప మాత్రం, నాలుగూ ఒక్కసారే పీకుతారా అమ్మా, నొప్పేస్తుందేమో అంది.

నాకు ఆశ లేదని చెబితే అబద్ధం. స్నానాలగదిలో గడియపెట్టుకుని, అద్దం ముందు పక్కకి తిరిగి, పై పెదవిని వేలితో లోపలికి నొక్కి చూసుకున్నాను. నిజంగానే బావున్నాను. ఇంకెవరో నెమ్మదైన మనిషిలా, ఎవరేమన్నా పట్టించుకోనిదానిలా కనిపించాను. అలా ఉంటే పెళ్ళిళ్ళలో ఫొటో తీస్తున్నప్పుడు వెనక వరసలోకి తప్పుకునేదాన్ని కాదు, వీడియోలో నా మాట నా నోటినుంచే వచ్చేది. కోరుకోవడంలో తప్పేముంది. కానీ ఆ కోరికలో నాదెంత, ఇన్నేళ్ళుగా విని విని నాలో చేరినదెంత అని విడదీయబోతే నాకు చేతకాలేదు. చిక్కుపడ్డ దారం నా చేతిలో నిమిషంలో విడిపోతుంది, ఇది విడలేదు. పైగా ఆ నాలుగు పళ్ళూ నిక్షేపంగా ఉన్నాయి. ఎడంపక్క ఇన్నాళ్ళూ నాకు తిండి పెట్టింది వాటిలో రెండే. అవసరమైతే మంచి పళ్ళు కూడా తీస్తారు, అందులో వింతేమీ లేదని డాక్టరు చెప్పింది, నేను నమ్మాను. అవసరం ఎవరిది అన్నదగ్గరే నా ఆలోచన ఆగిపోయేది.

ఆదివారం మధ్యాహ్నం నేను ఆరిన బట్టలు మడతపెడుతుంటే అత్తయ్య తన కట్టుడు పళ్ళని గిన్నెలో వేసి కడుగుతోంది. సాధారణంగా ఆ పని ఎవరూ లేనప్పుడు చేసుకుంటుంది. ఆరోజు నన్ను చూసీ ఆపలేదు. నోట్లో పళ్ళు లేకపోవడంతో మాటలు మెత్తగా వచ్చాయి.

"నాకు నలభై దాటాక రెండు పళ్ళు నొప్పి చేశాయి" అంది. "రెండే. మీ మామయ్య డాక్టరుతో మాట్లాడొచ్చి, అన్నీ తీయించేసి సెట్టు పెట్టించేద్దాం, మాటిమాటికీ తిరిగే బాధ ఉండదు అన్నారు. సరే అన్నాను. ఆయన ఏదన్నా సరే అనేదాన్ని. కుర్చీలో కూర్చున్నాక తెలిసింది, మిగతావన్నీ గట్టిగానే ఉన్నాయని. ఎంత లాగినా ఊడి రాలేదమ్మా అవి. డాక్టరుకి చెమటలు పట్టాయి."

మడతపెడుతున్న చొక్కాని పక్కన పెట్టేశాను. ఇంటికి కోడలిగా వచ్చిననాటినుంచి ఆవిడ పళ్ళు వయసు మీదపడి ఊడాయనే అనుకున్నాను. నేను వచ్చేనాటికి ఆవిడకి యాభై కూడా నిండలేదని ఎప్పుడూ లెక్కకట్టలేదు.

"మీరు వద్దనలేదా అత్తయ్యా?"

"నన్నడగాలని వాళ్ళకి తోచలేదు. చెప్పాలని నాకూ తోచలేదు." పళ్ళు తుడిచి నోట్లో పెట్టుకుంది. మాట మళ్ళీ మామూలు మాటైంది. "తీయించుకుంటావో మానేస్తావో నీ ఇష్టం. వాడు నా కొడుకే, వాడికి నేనేం చెప్పను. కాకపోతే, నీకు ఏది నొప్పి చేస్తోందో అది చెప్పు వాళ్ళకి. అంతే."

రెండోసారి డాక్టరు దగ్గరికి నేను ఒక్కదాన్నే వెళ్ళాను. ఆఫీసునుంచి నేరుగా వెళతానని చెప్పాను, మా ఆయన సరేనన్నారు. నాలుగు పళ్ళకీ తారీఖులు అడిగి రమ్మన్నారు. కుర్చీలో కూర్చోగానే డాక్టరు కూడా అదే అడగబోయింది. నేను నా కింది పన్నుమీద వేలు పెట్టి, నాకు నొప్పి, రక్తం, నమల్లేకపోవడం అన్నీ దీనితోనే అన్నాను. దీన్ని ఒక్కదాన్నే తీసేసి, ఆ చోటులో మిగతావి సర్దడం కుదరదా అని అడిగాను. అడుగుతుంటే వాళ్ళ పనిలో నేను వేలు పెడుతున్నట్టనిపించింది.

ఆమె నా పళ్ళ అచ్చు చేతిలోకి తీసుకుంది. చిన్న కొలబద్దతో పైనా కిందా కొలిచింది. ఎక్స్‌రే మళ్ళీ పెట్టి ఆ పన్ను వేరు చుట్టూ ఎముక ఎంత మిగిలిందో చూసింది.

"కుదురుతుంది" అంది చివరికి. "ఆ పన్ను ఎలాగూ ఎక్కువకాలం నిలిచేలా లేదు. కింద సరిపడా చోటు వస్తుంది, శుభ్రం చేసుకోవడం తేలికవుతుంది, బాగా నమలగలుగుతారు. నిజానికి మొదటిరోజే ఈ దారి కూడా మీకు చెప్పాల్సింది. మీవారు పెదవుల గురించి అంతగా అడిగేసరికి మీక్కూడా అదే ముఖ్యమనుకున్నాను."

ఇబ్బందులు కూడా దాచకుండా చెప్పింది. పై ముందు పళ్ళ మధ్యగీత, కింది పళ్ళ మధ్యగీతతో కలవదు. పై వరసలో వంకరలు పోతాయి గాని ఎత్తు ఇప్పటిలాగే ఉంటుంది. పెదవులు ఏమీ మారవు. తర్వాత మనసు మారి లోపలికి తెమ్మంటే మళ్ళీ మొదటికి రావాలి. "బాగా ఆలోచించుకోండి. అందం కోసం నాలుగూ తీయించుకున్నా నేను తప్పనను. ఎంతోమంది తీయించుకుని హాయిగా ఉన్నారు" అంది.

తెరమీద ఎక్స్‌రే పక్కనే నా పక్క ఫొటో, దానిమీద ఆ గీత ఇంకా ఉన్నాయి. దాని లోపలున్న మనిషిని కాసేపు చూశాను. బావుంది. ఆమెమీద నాకు కోపమేమీ లేదు. కానీ ఆమె కోసం నేను నాలుగు మంచి పళ్ళు ఇవ్వాలి, ఏడాదిపైన నొప్పి పడాలి. ఆ చివర మా ఆయన, ఆడపడుచు, మేనేజరు కలిసి పర్వాలేదు, ఇప్పుడు బావుంది అంటారు. ఆ ఒక్క మాటకోసం అంత నొప్పి పడాలని నాకు లేదు. నొప్పి లేకుండా తినడం కోసమైతే ఎంతైనా పడగలను. ఈ రెండూ వేరని తెలిశాక ఇంకేమీ విడదీయాల్సిన పని మిగల్లేదు.

"ఇంట్లోవాళ్ళతో ఒకసారి మాట్లాడి చెబుతారా?" అంది డాక్టరు.

"ఇంట్లోవాళ్ళల్లో నేనూ ఉన్నానండీ. చిగుళ్ళు బాగవగానే ఆ ఒక్కటి తీసేయండి" అన్నాను.

చిగుళ్ళు కుదుటపడ్డాక పన్ను తీయించుకున్నాను. అత్తయ్య ఆరోజు పొయ్యి దగ్గరికి నన్ను రానివ్వలేదు. పై వరసకి క్లిప్పులు అప్పుడే వేశారు, కింది వరసకి గాయం మానాక వేస్తామన్నారు. మా ఆయన నన్ను వెలుతురులోకి తిప్పి చూసి, మిగతావి ఎప్పుడు తీస్తారన్నారు. తీయరని, నేనే వద్దన్నానని చెప్పాను. ఆయనకి నిజంగా అర్థం కాలేదు.

"ఇంత చేయించుకుని ముఖంలో ఏ తేడా లేకపోతే, మరెందుకిది?"

"తినడానికండీ" అన్నాను.

ఆయన నావైపూ తల్లివైపూ చూశారు. అత్తయ్య గరిటె కిందపెట్టి, "దానికి నోరుండేది తినడానికే కదరా" అంది. ఆయన కొన్నాళ్ళు ముభావంగా ఉన్నారు. నేను బతిమాలలేదు. ఆ మౌనం మామూలు పనుల మధ్య ఎప్పుడు కరిగిపోయిందో ఇద్దరికీ తెలియలేదు.

ఇప్పుడు క్లిప్పుల తీగ పెదవి లోపల గీసుకుంటుంది, దానికి మైనం పెట్టుకుంటాను. అందరితోపాటే బల్లదగ్గర కూర్చుంటాను. నెమ్మదిగా తింటాను, నా కంచం ఖాళీ అయ్యేదాకా ఎవరికేం కావాలన్నా వాళ్ళే లేచి తెచ్చుకుంటారు.

కిందటి వారం ఆఫీసులో కొత్త మిషను గురించి వీడియో తీయాల్సి వచ్చింది. దీపాలు సర్దుతుండగా నేను మేనేజరు దగ్గరికి వెళ్ళి, ఇది నేను చెబుతానన్నాను. క్లిప్పులు తీసేశాక చూద్దామనుకున్నాం కదా మేడమ్ అన్నాడు.

"అవి తీసేసినా నా ముఖం ఇలాగే ఉంటుందండీ" అని చెప్పి, మిషను ముందు కుర్చీ లాక్కుని కూర్చున్నాను.