టోపీల పిల్ల, రొయ్యల కొర్లయ్య

నేను ఒక వీడియో క్యాసెట్టుని. పుట్టుక సంగతి తర్వాత చెప్పుకోవచ్చు, కడుపుమంట మాత్రం ఆగదు. మైలపిల్లి కొర్లయ్య అనే పెద్దమనిషి నా ఒంటి మీద రొయ్యల పెంపకం ఎక్కించాడు. ఎక్కించినవాడు మొదట్లో ఎక్కించాడా, పోనీ చివర మిగిలిన ఖాళీలో ఎక్కించాడా? లేదు. గంటంపావు సేపు తిట్టుకున్న పిల్లా పిల్లాడూ రేపో మాపో ఒకటవుతారనగా, జీలకర్రా బెల్లం నూరుతుండగా పందిరి పీకేసినట్టు, సరిగ్గా అక్కడ ఎక్కించాడు.

ఇక నా సంగతి. నేను జపాను ఫేక్టరీలో ఖాళీగా పుట్టాను. సింగపూరులో ఒక ముసలాయన నన్ను కొని, అక్కడి టీవీలో వచ్చిన పాత హాలీవుడ్ సినిమా ఒకటి నాలో దాచుకున్నాడు. నలుపు తెలుపు. టోపీలు కుట్టి అమ్ముకునే ఒక పిల్ల, ఆమె టోపీల గురించి పేపర్లో వెటకారంగా రాసే ఒక పిల్లాడు. ప్రేమకథే, కానీ ముప్పావు వంతు తగువే. దాచుకున్నాక ఆయన నా అంచున ఉండే చిన్న పలకని విరిచేశాడు. అది విరిస్తే ఇక మా మీద ఎవరూ కొత్తది ఎక్కించలేరు. మెడలో తాళి పడ్డట్టే అనుకోండి. ఆయన పోయాక ఇంటి సామాను వీధిలో అమ్మితే, ఒక ఓడలో వంట చేసే తెలుగతను నన్ను కొన్నాడు. ఆ ఓడ విశాఖపట్నం వచ్చింది.

రేవులో, అంటే డాకులో, ఓడ సరుకు దించే వించి నడిపేవాడు సూరాడ ఎల్లాజీ. ఊరు జాలారిపేట, చదువు ఐదో క్లాసు, వయసు నలభై నాలుగు, పెళ్ళి లేదు. ఓడల వాళ్ళ దగ్గర ఇలాంటి పాత క్యాసెట్లు సంపాదించడం అతని పిచ్చి. బదులు ఎండు నెత్తళ్ళ చేపలు ఇచ్చేవాడు.

"ఇందులో ఫైటింగుల్లేవు ఎల్లాజీ, ముందే చెబుతున్నాను," అన్నాడు వంటతను.

"ఫైటింగులు డాకులో రోజూ సూస్తన్నాను. ఆడమనిసికి నోరుందా, లేదా?"

"నోరే నోరు."

"అయితే ఇటివ్వు."

అదీ అతని లెక్క. ఈ సినిమాల్లో ఎవడూ ఎవణ్ణీ చంపడట. ఆడది ఎదురు మాట్లాడితే మగాడు చెయ్యెత్తకుండా ఇంకో మాట వెతుక్కుంటాడట. "మా వాడలో ఇలాటి మగోడు ఒక్కడుంటే పట్రా, దండేసి దణ్ణం పెడతాను," అనేవాడు. ఇంగ్లీషు ముక్క రాదు. అడుగున వచ్చే చైనా అక్షరాలని చూసి, "పీతలు ఇసకలో నడిచినట్టున్నాయి," అనేవాడు. అయినా ఎక్కడ నవ్వాలో అక్కడే నవ్వేవాడు. అప్పటికి అతని ట్రంకు పెట్టెలో నాలాంటివాళ్ళు అరవై రెండు మంది. సముద్రపు గాలికి మాకు బూజు పడుతుందని పెట్టెలో బియ్యం మూట పెట్టి, నెలకోసారి ఒక్కొక్కరినీ తీసి తుడిచేవాడు. కట్టుకున్నదాన్ని కూడా అంత కుదురుగా ఎవరూ చూసుకోరు. పైన ఉన్న ఇంగ్లీషు పేర్లు చదవలేడు కనక తనే పేర్లు పెట్టి, నాలిక బయటపెట్టి మరీ తెలుగులో రాసి అంటించేవాడు. 'టేక్సీలో తగువు', 'కుక్క పోయిన దొరసాని', 'ఇంటద్దెకి అబద్దం'. నన్ను మొదటిసారి చూస్తూ సగంలోనే పేరు పెట్టేశాడు: 'టోపీల పిల్ల'.

ఆ మొదటిసారే చిక్కొచ్చింది. టోపీల పిల్లకి విసుగొచ్చి, వేరే ఊళ్ళో పళ్ళ డాక్టరు ఎవడో ఉంటే అతన్ని చేసుకుంటానని పెట్టె సర్దుకుని స్టేషనుకెళ్ళింది. గడియారం చూపించారు. రైలు కూత. సరిగ్గా అప్పుడు కరెంటు పోయింది. ఎంతసేపటికీ రాలేదు. ఎల్లాజీకి డ్యూటీ వేళయింది. నన్ను ఉన్నచోటే వదిలేసి వెళ్ళాడు.

కొర్లయ్య అతని బావ, పక్కింట్లోనే కాపురం. భీమిలి దగ్గర రొయ్యల చెరువు వేశాడు. టీవీ వాళ్ళు వచ్చి ఆ చెరువు గట్టున అతని చేత మాట్లాడించారు. అది వచ్చే రోజు అదే. కరెంటు రాగానే పరిగెత్తుకొచ్చి రికార్డు బటన్ నొక్కాడు. నా పలక విరిగి ఉంది కనక మిషను ఒప్పుకోలేదు. నన్ను బయటికి లాగి అటూ ఇటూ తిప్పి చూసి, కాలికి అంటించుకున్న ప్లాస్టరు పీకి నా అంచు కన్నానికి వేశాడు. అతని భార్య పోలమ్మ, అంటే ఎల్లాజీ అప్ప, అడ్డం పడింది కూడా.

"అది మా తమ్ముడి కేసట్టయ్యా! ఆడొచ్చి గోల సేస్తాడు."

"నీ తమ్ముడి దొరసానులు రేపూ వొస్తారు, ఎల్లుండీ వొస్తారు. నేను టీవీలో ఒక్క రోజే వొస్తాను!"

మర్నాడు ఎల్లాజీ ఆత్రంగా నన్ను ఆడించాడు. గడియారం, రైలు కూత, తర్వాత గళ్ళ లుంగీలో కొర్లయ్య. "రొయ్యకి మేత పొద్దున్న ఎంత ఎయ్యాలంటే..."

"బావా! నా పిల్ల రైలెక్కిందో లేదో తెల్దు గదా!"

"ఎక్కితే ఎక్కింది. టిక్కెట్టు నువ్వేటి కొన్నావా?"

ఎల్లాజీ ప్రాణం ఉసూరుమంది. నన్ను అన్నం కేరేజీ సంచిలో పెట్టుకుని, ఇంకో కాపీ దొరుకుతుందేమోనని ఆ వంటతని కోసం డాకుకి వెళ్ళాడు. ఓడ ముందు రోజే వెళ్ళిపోయింది. ఆ పరధ్యాసలో ఇనప తాడు కింద బొటనవేలు పెట్టేశాడు. అతనితో పాటు నేనూ ఆస్పత్రికి చేరాను.

అక్కడ కట్టు కట్టిన స్టాఫ్ నర్సు పేరు సుగుణమణి. నలభై ఒకటో ఏడు. ముగ్గురక్కచెల్లెళ్ళలో పెద్దది, ఇద్దరికీ పెళ్ళిళ్ళు చేసి తను మిగిలిపోయింది. చెయ్యి చురుకు, మాట ఇంకా చురుకు.

"ఏమయ్యా, గోరు ఊడినా మూలగవు, ఆ సంచి చూసి నిట్టూరుస్తావు! ఏముంది అందులో?"

అతను కథంతా చెప్పాడు. టోపీలు, పేపరు పిల్లాడు, పళ్ళ డాక్టరు, గడియారం. ఆమె చేతిలో కత్తెర ఆగింది.

"ఆ సినిమా నేను చూశానయ్యా. చిన్నప్పుడు, రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లో."

"సిస్టర్ గారూ! ఆఖర్న ఏటవుద్ది?"

ఆమె కొంచెంసేపు గుడ్డ చుట్టింది. "కొన్ని మర్చిపోయాను. మొదట్నుంచీ చూస్తే గుర్తొస్తుంది. ఆదివారం గుళ్ళో ప్రార్థన అయ్యాక వస్తాను."

వచ్చింది. పోలమ్మ గుమ్మంలో కూచుని నెత్తళ్ళు ఎండేస్తూ కాపలా కాసింది. నేను ఆడాను. కొర్లయ్య రాగానే సిస్టరు కళ్ళమ్మట నీళ్ళొచ్చేలా నవ్వి, తర్వాత ఆఖరు చెప్పింది. పిల్ల రైలెక్కుతుందట, కానీ పక్క స్టేషన్లో దిగిపోయి, జోళ్ళు చేత్తో పట్టుకుని పట్టాల వెంబడి నడిచి వెనక్కొస్తుందట. ఎల్లాజీ గుండె మీద నుంచి బస్తా దించినట్టయింది. పై ఆదివారం మళ్ళీ వచ్చి, పోయినవారం చెప్పింది వేరే సినిమాదనీ, తను కలగలిపేసిందనీ చెప్పింది. అసలు ఆఖర్న ఆ పిల్ల పళ్ళ డాక్టర్నీ చేసుకోదట, పేపరువాణ్ణీ చేసుకోదట. కొత్త ఊళ్ళో దుకాణం పెడితే, మొదటి టోపీ కొనడానికి పేపరువాడే వస్తాడట. మూడో వారానికి అదీ కాదంది, ఇంకోటి చెప్పింది. చదువుకున్న మనిషి కనక ఎల్లాజీ మూడూ నమ్మాడు. మూడూ నచ్చాయి కూడా.

ఆ ఆదివారాల్లోనే పెట్టెలోని మిగతావీ చూశారు. ఆఖర్న సంగీతం మారి, తెర మీద వాళ్ళిద్దరూ దగ్గరికి జరిగేసరికి సిస్టరు మాత్రం సంచి తీసుకుని లేచి, నీళ్ళ కుండ దగ్గరికి వెళ్ళిపోయేది. సిగ్గేమో అని ఎల్లాజీ తలొంచుకునేవాడు. ఇప్పుడతను ఆదివారం గడ్డం గీసుకుంటున్నాడు. పెట్టె తుడవడంతో ఆగకుండా ఇల్లు కూడా తుడుస్తున్నాడు. ఆమె రాకపోతే ఏమైపోతాడోనని నాకే బెంగ పట్టుకుంది. నలభై నాలుగేళ్ళకి మొదటిసారి అతని మాట కోసం ఒక మనిషి ఎదురుచూస్తోంది. ఆ ఒక్కటీ పోతే ఇక మిగిలేది ట్రంకు పెట్టే.

అంతలో ఓడ తిరిగొచ్చింది. వేరే ఓడ వాళ్ళతో ఎల్లాజీ పంపిన కబురు అంది, వంటతను ఇంకో కాపీ తెచ్చాడు, పూర్తిది. ఎల్లాజీ డ్యూటీ దిగి వచ్చి ఒక్కడే కూచుని చూశాడు. నేను మిషను పక్కనే ఉన్నాను. ఆఖరు నాకు తెలిసిందే, ఒకప్పుడు నా సొత్తే కదా. పిల్ల రైలు వదిలేసి టేక్సీలో వెనక్కొస్తుంది, పిల్లాడు ఇంకో టేక్సీలో స్టేషనుకి వెళ్తుంటాడు. వీధి మధ్య రెండూ ఎదురుపడి, దారి విషయంలో తగువు పడి, కిటికీలోంచి కిటికీలోకి వంగి ముద్దు పెట్టుకుంటారు. ఎల్లాజీ పకపకా నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ ఆగిపోయాడు.

"మూడు సెప్పింది," అన్నాడు అప్పతో. "మూడూ కావు. ఐదో క్లాసోడు, ఏటి సెప్పినా నమ్మేస్తాడు అనుకుంది."

ఆదివారం తలుపుకి తాళం వేసి సముద్రం ఒడ్డున వలల చాటుకి పోయాడు. ఆమె వచ్చి, గుమ్మంలో నిలబడి, వెళ్ళిపోయింది. రెండో ఆదివారమూ అంతే. మూడో ఆదివారం పోలమ్మ ఒడ్డుకెళ్ళి చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది. "తిట్టాలంటే ఎదర నిలబడి తిట్టు! దొంగ పిల్లిలాగ వలల్లో దూరతావేటి? మూడు వారాలై ఎండలో నిలబడుతోంది!"

ఎల్లాజీ గోడకేసి చూస్తూ అన్నాడు. "సిస్టర్ గారూ, నాకు సదువు రాదు. కళ్ళున్నాయి. ఆఖరు సూసినాను. రెండు టేక్సీలు. మీరు సెప్పింది ఒక్కటీ లేదు. నాతో ఆడుకోడానికి నేనే దొరికినానా?"

ఆమె సంచి ఒళ్ళో పెట్టుకుని కూచుంది. తర్వాత చెప్పింది.

"నాకు ఆఖరు తెలీదు ఎల్లాజీ. దీనిదే కాదు, ఏ సినిమాదీ తెలీదు. మా నాన్న రైల్వేలో గార్డు. శనివారం శనివారం ఇన్‌స్టిట్యూట్‌లో ఇంగ్లీషు సినిమా వేస్తే మా ముగ్గుర్నీ తీసుకెళ్ళేవాడు. ఆఖర్న ముద్దు ఉంటుందని ఆయనకి తెలుసు. మ్యూజిక్ మారిందంటే చాలు, 'లేవండి, లేవండి' అని బయటికి తోలేసేవాడు. పదేళ్ళు అలాగే చూశాం. ఇంటికొచ్చి ఆఖరు మేమే అల్లుకునేవాళ్ళం. నాన్న పోయి పన్నెండేళ్ళయింది. ఇప్పటికీ మ్యూజిక్ మారితే నా కాళ్ళు వాటంతటవే లేస్తాయి."

"మరి తెల్దని ఆ రోజే సెప్పొచ్చు గదా?"

"చెబితే ఆదివారం రమ్మనేవాడివా?"

ఎల్లాజీ లేచాడు. వెళ్ళి కొత్త కాపీ పెట్టాడు. ఇద్దరూ చూశారు. గడియారం వచ్చింది, రైలు కూత వచ్చింది, టేక్సీలు వచ్చాయి. సంగీతం మారింది. ఆమె చెయ్యి సంచి మీదికి పోయింది. ఎల్లాజీ ఓరగా చూసి, "మీ నాన్నగారు లేరు, నేను లేపీమంటారా?" అన్నాడు.

"కూర్చో ఎల్లాజీ. నువ్వు లేపినా లేవను."

లేవలేదు. తెర మీద అక్షరాలు పడి ఖాళీ గీతలు వచ్చేదాకా కూచుంది. ముక్కు తుడుచుకుని అడిగింది. "నేను చెప్పినవే బాగున్నాయి కదూ?"

"బాగున్నాయి. నాలుగోది సెప్పండి."

"నాలుగోది నువ్వు చెప్పు."

అతను బొటనవేలు గోరు చూసుకుంటూ మెల్లగా చెప్పాడు. "ఆడికి సదువు లేదు. ఆవిడికి నలభై దాటినాయి. ఆడు డాకులో, ఆవిడ ఆస్పత్రిలో. ఆదివారం ఒక్కటే ఇద్దరికీ సెలవు. అందుకని... వచ్చే నెల్లో పెళ్ళి సేసుకుంటారు."

"అంత తొందరగా అయిపోతుందా సినిమా?"

గుమ్మంలోంచి పోలమ్మ అరిచింది. "అవనియ్యమ్మా! ఎండలో నిలబెట్టి సాగదీసింది సాల్దా?"

అయిపోయింది. గుళ్ళో పెళ్ళి జరిగింది. విందుకి రొయ్యలు కొర్లయ్యవే. వచ్చినవాళ్ళందరికీ ఆకు ఆకుకీ వెళ్ళి చెప్పాడు: "ఆ రోజు నేను కేసట్టు మీద ఎక్కించకపోతే ఈ పెళ్ళే లేదు!" ఒక్కరంటే ఒక్కరు కాదనలేదు. పెళ్ళికూతురైతే నవ్వుతూ అతని ఆకులో ఇంకో రెండు రొయ్యలు వేయించింది.

నా పేరు కాగితం ఊడదీసి ఆ కొత్త కాపీకి అంటించారు. నాకు 'కొర్లయ్య రొయ్యలు' అని రాసి కొర్లయ్యకి ఇచ్చేశారు. వాళ్ళ తప్పనను. చివర్లేని సినిమా ఎవరికి కావాలి? కొర్లయ్య నన్ను పాతికేళ్ళు దాచాడు. చుట్టాలు వచ్చినప్పుడల్లా ముందున్న గంటంపావూ గిరగిరా తిప్పేసి తనని మాత్రమే చూపించేవాడు. చెరువుకి తెగులొచ్చి పోయాక కూడా, "మేత పొద్దున్న ఎంత ఎయ్యాలంటే" అంటూ తెర మీద తనతో పాటు తనే పెదాలు కదిపేవాడు. అప్పుడు కొంచెం జాలేసేది నాకు. మిషన్లు పోయాయి, సీడీ బిళ్ళలొచ్చాయి, అవీ పోయాయి. కొర్లయ్యా పోయాడు. ఇప్పుడు నేను పాతసామాన్ల కొట్లో, విరిగిన ఫ్యాను రెక్కల మధ్య గోనెసంచిలో ఉన్నాను. రేపు నా డొక్క చీల్చి రిబ్బను పారేసి ప్లాస్టిక్కు కరిగిస్తారట.

ఎల్లాజీకి పెళ్ళాం దక్కింది. సిస్టరుకి ఆఖరు దక్కింది. కొర్లయ్యకి పేరు దక్కింది. బాగానే ఉంది, అందరూ చల్లగా ఉండాలి. నాకు పోయింది మాత్రం పదకొండు నిమిషాల నలభై సెకన్లు. రిబ్బను పరిచి కొలిస్తే పదహారు మీటర్ల ముప్పై ఏడు సెంటీమీటర్లు.