తువ్వాలు కింద ధర

"నీ దయ్యాలకు చెప్పరాదా, వచ్చి పిండి రుబ్బిపోతాయి" అంది అత్త మునిరత్నమ్మ, నానిన బియ్యం గిన్నెను సుభద్రమ్మ ముందుకు తోస్తూ.

సుభద్రమ్మ నవ్వింది. ఆ మాటకు నవ్వేయడం ఆమెకు అలవాటు. ఎదురు చెబితే వచ్చేది తక్కువ, పోయేది ఎక్కువ. పైగా ఆమె కథలు పుట్టేది ఆ రోటి దగ్గరే. తొంభైల మొదట్లో కొడుకు లోహిత్‌కు అన్నం తినిపించడానికి కల్పించిన బూచి కథ ఒకటి పిల్లల పత్రికలో పడింది. తర్వాత ఆమె కథలు మదనపల్లెలో పుస్తకాలుగా అచ్చయ్యాయి. ఇప్పుడు సుభద్రమ్మ దయ్యాలంటే కుప్పం దాకా బడిపిల్లలు చెవి కోసుకుంటారు.

భర్త రెడ్డెప్ప పుంగనూరు పశువుల సంతలో దళారి. "బేరం మొగోళ్ల పని. నువ్వు రాస్తా ఉండు, నేను అమ్ముతా ఉంటా" అన్నాడు మొదటి పుస్తకమప్పుడే. తలనొప్పి తప్పింది కదా అనుకుంది. తనకు మిగిలింది చూసుకుందే గానీ, బదులుగా ఏం ఇచ్చేసిందో చూసుకోలేదు.

పోయిన వారం కుప్పంలో ఒక బడివాళ్లు పిలిచారు. శైలజ అనే పిల్ల లేచి, "మేడం, మమ్మల్నందర్నీ భయపెడతారే, మీకు దేనికి భయం?" అని అడిగింది.

"నాకేం భయం లేదమ్మా" అంది సుభద్రమ్మ. పిల్లలు చప్పట్లు కొట్టారు.

తిరుగు బస్సులో ఆ చప్పట్లే ఆమెను కాల్చాయి. ఈ ప్రయాణానికి సెలవడగడానికి రెడ్డెప్ప కాఫీ తాగడం అయ్యేదాకా గడప దగ్గర నిలబడింది. నోటిదాకా వచ్చిన మాటను మింగి, మరునాడు మళ్లీ నిలబడింది. చార్జీలడిగితే "సినిమాకా, సభకా?" అన్నాడాయన. కట్టుకునే చీర అత్త తీసిచ్చింది. ఇంట్లో గట్టిగా దగ్గడానికి కూడా వేళ చూసుకునే మనిషి, భయం లేదని పసిదానికి కల్తీ సరుకు అంటగట్టి వచ్చింది. కిటికీ వైపు తిరిగి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఈ పొద్దు కొత్త పుస్తకం కోసం మదనపల్లె నుంచి అచ్చాఫీసు వెంకటముని వచ్చాడు. వాళ్ల నాయన కూడా సంత దళారే. వసారాలో చాప మీద ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని, చేతుల మీద తువ్వాలు కప్పుకున్నారు. సంతలో ధర నోటితో చెప్పరు. తువ్వాలు కింద వేళ్లు పట్టుకుని చెప్పుకుంటారు. చుట్టూ నిలబడ్డవాళ్లకు తెలియదు. పక్కనే కట్టేసిన పశువుకు అసలే తెలియదు.

సుభద్రమ్మ కాఫీ తెచ్చింది. తువ్వాలు మెల్లగా కదులుతోంది.

"ఈ తూరి దయ్యంలో పస తగ్గిందంటాండారు రెడ్డెప్పా."

"కావాలంటే పళ్లు సూసుకోప్పా" అన్నాడు రెడ్డెప్ప, సంతలో పళ్లు చూసి ఎద్దు వయసు తేల్చుకోమన్నట్టు.

ఇద్దరూ పగలబడి నవ్వారు. సుభద్రమ్మా నవ్వింది.

నవ్వాక, ఆ నవ్వు తన గొంతులోంచే వచ్చిందని తెలిసి ఆమె సిగ్గుతో చచ్చిపోయింది. వాళ్లన్న మాటకు కాదు. ఆ మాటకు తానూ నవ్వినందుకు. ఇన్నేళ్లుగా తువ్వాలు కప్పింది వాళ్లే కావచ్చు, కాఫీ అందించింది మాత్రం తనే. తన కథ ఎంతకు పోతుందో అడగకుండా ఉండటాన్ని ఇన్నాళ్లూ మర్యాద అనుకుంది.

గ్లాసులు కింద పెట్టింది. చాప అంచున కూర్చుంది. చేయి చాచి తువ్వాలు కిందకు పోనిచ్చింది.

గాజులు తగలగానే వెంకటముని నిప్పు తొక్కినట్టు చేయి లాక్కున్నాడు. "ఇదేందమ్మా" అన్నాడు.

గడపలోంచి మునిరత్నమ్మ అరిచింది. "సిగ్గు ల్యాదా నీకు? పరాయి మొగోడి చెయ్యి పట్టుకుంటావా?"

"ఉండాదత్తా" అంది సుభద్రమ్మ. ముఖం కందిపోయింది. చేయి మాత్రం తువ్వాలు కిందే ఉంది. "సిగ్గుగానే ఉండాది."

తర్వాత వెంకటముని వైపు తిరిగింది.

"నా చెయ్యి పట్టుకోల్యావు గదప్పా. అయితే నోటితో చెప్పు."

అతను రెడ్డెప్ప ముఖంలోకి చూశాడు.

"ఆయన పక్క కాదు. కథ రాసింది నేను. నా పక్క సూసి చెప్పు."