తాగినా దాహం తీరని గొర్రె

"ఈ ఆధార్ రెండు కాపీలు తియ్," అన్నాడు ఓబుళేసు. పద్మజ తీసిచ్చింది.

కదిరి బస్టాండు వెనకున్న ఆ జిరాక్సు అంగడి ఓబుళేసు పేరు మీదే ఉంది. షట్టరు ఎత్తినప్పట్నుంచి దరఖాస్తులు కొట్టేది, తప్పులు దిద్దేది, ఎవరి గడువు ఎప్పుడో గుర్తుపెట్టుకునేది మాత్రం అతని భార్య పద్మజ. పనైనాక వచ్చినవాళ్ళు "వస్తామన్నా" అని ఓబుళేసుకు చెప్పి పోతారు. ఎనిమిదేళ్ళలో ఆమెకెవరూ చెప్పింది లేదు. పెళ్ళైన కొత్తలో ఓబుళేసు స్నేహితులతో, "మా యామెకు కంప్యూటర్ వస్తాది, ఇంగ మనిషిని పెట్టుకునే పనే లేదు," అన్నాడు. అప్పుడది పొగడ్తే అనుకుంది.

ఆ ఎండాకాలం, జనం పలచబడే మూడు గంటల వేళ, ఆమె ఒక ఆట రాయడం మొదలుపెట్టింది. ఎవరూ రాయమనలేదు. ముదిగుబ్బ వైపు బీళ్ళలో ఒక గొర్రెల మంద. ఎండిన వంకలు దాటించి పొద్దు గూకేలోగా నీళ్ళకు చేర్చాలి. కంప్యూటర్‌కు అంకెలు తెలుసు, అక్షరాలు తెలుసు. గొర్రె తెలియదు. అందుకని ఆమే చెప్పింది: యాడుందో, ఎంత ఆకలో, ఎంత దాహమో, ఈ మూడూ కలిస్తే ఒక గొర్రె. కాలేజీలో చదువుకున్నదే, అంకెలు, అక్షరాల లాగే సొంతంగా ఒక రకాన్ని తయారుచేసుకోవడం. దానికి 'గొర్రె' అని పేరు ఒక్కో అక్షరమే నిదానంగా టైపు చేసింది. ఎన్నేళ్ళుగానో ఇతరుల పేర్లే కొడుతున్న వేళ్ళు అవి.

తర్వాత 'నీళ్ళు తాగించు' అని ఒక ఫంక్షన్, అంటే ఆ పని చేయించే ఆదేశాలు, రాసి గొర్రెను దానికి అందించింది. గొర్రె గుంట దగ్గరికి పోయింది, తల వంచింది, తాగింది. నాలుగడుగులు వేసి దాహంతో చచ్చిపడింది.

మూడు రోజులు అదే వరస. అన్నం వారుస్తున్నా, బట్టలు జాడిస్తున్నా ఆ గొర్రే కళ్ళముందు. తప్పు తనదే అనుకోవడం ఆమెకు అలవాటైన పని. పప్పు చప్పగా ఉన్నా, నెట్టు రాకపోయినా, వానొచ్చి బట్టలు తడిసినా ఆ ఇంట్లో తప్పు ఆమెదే అవుతుంది. చివరికి, నెట్టులో సరదాకి ఆటలు రాసుకునేవాళ్ళ గుంపులో అడిగింది. ముక్కూమొహం తెలియని ఒకామె జవాబిచ్చింది. మీ ఫంక్షన్‌కు పోతున్నది గొర్రె కాదు, దాని నకలు. నీళ్ళు తాగింది ఆ నకలే. అసలు గొర్రెనే అందించండి.

పద్మజ పక్కనున్న జిరాక్సు మిషన్ వైపు చూసింది. కాపీ మీద ఎన్ని గీతలు గీసినా అసలు కాగితం మారదని ఆమెకొకరు చెప్పాల్నా? అసలు గొర్రెనే అందేలా ఒక్క మాట చేర్చింది. గొర్రె తాగింది. ఈసారి బతికింది. పద్మజ పైకే నవ్వింది.

టీ ఫ్లాస్కు తెచ్చిన అత్త నారాయణమ్మ గుమ్మంలో ఆగింది. "ఏం మే, ఒక్కదానివే నగుతాండావు?" తెర దగ్గరికి వచ్చి కళ్ళు చిట్లించింది. "గొర్రెలా ఇవి? ఇట్ల పోవు మే. ముందర గంట కట్టిన పొట్టేలు పోతాది, దాని యెనక మంద."

నారాయణమ్మ చిన్నప్పుడు ముదిగుబ్బలో గొర్రెలు కాసింది. ఆ మధ్యాహ్నం నుంచి రోజూ మూడింటికి వచ్చి కూర్చుని ఇది తప్పు, అది తప్పు అని చెప్పేది. "అత్తాకోడండ్లు గొర్రెలు కాచుకుంటాండారు," అని ఓబుళేసు నవ్వేవాడు. చెడ్డవాడు కాదు. అదే కష్టం. చెడ్డవాడైతే కోపం తెచ్చుకోవడం సులువయ్యేది.

రెండు నెలల తర్వాత, కంప్యూటర్ నెమ్మదించిందని అతను మెకానిక్‌ను పిలిపించి మొత్తం తుడిపించేశాడు. ఆట పోయింది. "దరఖాస్తులన్నీ వేరేగా దాపెట్టినా. నీది ఆటే గదా, పోనీలే," అన్నాడు. పద్మజ మిషన్ వైపు తిరిగింది. ఎదురుగా నిలబడిన అమ్మాయికి హాల్ టికెట్ తీసిచ్చింది.

ఆ సాయంత్రం సంగటి కెలుకుతూ నారాయణమ్మ అంది. "నేను పదేండ్లు మేపిన మందను మా నాయన నన్నొక మాట అడక్కుండా అమ్మేసినాడు. పేరు పెట్టి పిలిస్తే వచ్చేటివి. ఎందుకమ్మితివి నాయనా అని అడగల్లని నోటి దాకా వచ్చె. అడగలేదు. ఆయప్ప పోయి ఇరవై ఏండ్లాయ, ఆ మాట ఇంగా నోట్లోనే ఉండాది." కెలికే కట్టె ఆపింది. "నువ్వు మింగద్దు మే."

పొద్దున షట్టరు ఎత్తగానే పద్మజ అడిగింది. "తుడిపేటప్పుడు నన్నెందుకు అడగలేదు?"

ఓబుళేసు తాళంచెవి జేబులో వేసుకున్నాడు. "అడగల్లని తోచలేదు."

అబద్ధం చెప్పలేదతను. ఆ నిజమే ఆమెకు ఎక్కువ నొప్పి పెట్టింది.

"ఇంగ రోజూ పదకొండు దాకా ఈ కంప్యూటర్ నాది," అని కూర్చుని మొదటి గొర్రెను మళ్ళీ రాయడం మొదలుపెట్టింది.

తొమ్మిదింటికి నల్లమాడ నుంచి ఒక రైతు కాగితాలు పట్టుకుని వచ్చాడు. ఓబుళేసు ఆమె వైపు చూశాడు. ఆమె కొడుతూనే ఉంది. అతను రైతు వైపు తిరిగాడు.

"పదకొండుకు రాన్నా."

"ఏమప్పా, కంప్యూటర్ చెడిపోయిందా?"

"లే. మా యామెకు పనుండాది."