బిళ్ళ మీది సింధూరం

హనుమండ్లు కొత్త సైకిలును రెండు వేళ్ళతో ఎత్తి, కోడిపిల్లను చూపించినట్టు చూపించాడు. పంక్చరు పట్టడానికి నీళ్ళ బొచ్చెలో ట్యూబు ముంచి కూర్చున్న సత్తార్, కూర్చున్నచోటు నుంచే తలెత్తి చూశాడు.

"ఎంత అల్కగున్నదో జూడు భాయ్. నీ గాలి పంపు ఇంతకన్న బరువుంటది."

"ఉంటది మరి. అది పంజేస్తది," అన్నాడు సత్తార్.

కరీంనగర్ టవర్ సర్కిల్‌కు రెండు గల్లీల అవతల సత్తార్ సైకిలు దుకాణం. అతని బాపు కాలంలో పెట్టింది. హనుమండ్లు మందమర్రి బొగ్గుబాయిలో ముప్పై రెండేళ్ళు పనిచేసి, రిటైరైనంక కరీంనగర్‌లో ఇల్లు కట్టుకున్నాడు. షుగరుకు నడవమని డాక్టరు చెప్తే మోకాళ్ళు నడవనియ్యలేదు. సైకిలెక్కాడు. ఆ సైకిలు బాగు చేయించుకోవడానికి వచ్చి, చాయ్ తాగి, ఎనిమిదేళ్ళయినా ఆ స్టూలు మీది నుంచి లేవలేదు. నెలకో శనివారం ఇద్దరూ తెల్లవారంగనే బయల్దేరి గుట్ట మీది కొండగట్టు గుడికి పోతారు. పిల్లలు పుట్టి దక్కక వాళ్ళమ్మ అక్కడి హనుమంతుడైన అంజన్నకు మొక్కితే దక్కినవాడు కాబట్టి హనుమండ్లుకు ఆ పేరు, ఆ మొక్కు. సత్తార్‌కు మొక్కు లేదు. దోస్తు లోపలికి పోయి వచ్చేదాకా బయట హోటల్లో కూర్చుని రెండు చాయ్‌లు తాగుతాడు. గుట్ట ఎక్కేటప్పుడు సైకిళ్ళు తోసుకుంటూ ఎక్కుతారు, దిగేటప్పుడు పట్టుకొని నడుస్తూ దిగుతారు. అది సత్తార్ పెట్టిన కట్టుబాటు. ఎనిమిదేళ్ళలో ఒక్కసారి తప్పలేదు.

ఈ మధ్యనే హనుమండ్లు పొద్దుటిపూట సైకిళ్ళు తొక్కే క్లబ్బులో కలిశాడు. డాక్టర్లు, వకీళ్ళు, ప్లాట్లు అమ్మేటోళ్ళు. వాళ్ళ పెద్ద దేవదాస్ సార్, కాలేజీలో లెక్కలు చెప్పి రిటైరైనాయన. ఇవాళ కొత్త సైకిలు వెంట ఆయన కూడా వచ్చాడు, పెండ్లికొడుకు వెంట తోడు వచ్చినట్టు. ఒంటికి అతుక్కున్న పసుపుపచ్చ చొక్కా, కాళ్ళకు టక్కు టక్కుమనే బూట్లు.

"పోటీలకు గిట్ల పోతున్నవా అన్నా?" అని అడిగాడు సత్తార్.

"పోటీలెందుకు భాయ్? ఊకెనే తొక్కుడే."

"ఊకెనే తొక్కుటానికి గింత బండా? మామిడికాయ కోసుటానికి తల్వారు కొన్నట్టున్నది."

దేవదాస్ సార్ నవ్వాడు. "అట్ల గాదు సత్తార్. మంచి సామాన్ ఉంటే మనిషికి హుషారు వస్తది. ఎంతసేపని గా ఇనుప గుర్రం మీద కూసుంటడు?"

"తొక్కేటివి కాళ్ళు గద సార్. బండి ఏం తొక్కుతది?"

"నువ్వు అన్ని సైకిళ్ళు ఒక్కటే అనుకుంటవు," అన్నాడు సార్.

హనుమండ్లు ఈ మాటలేవీ వినడం లేదు. హ్యాండిలు మీద అరచెయ్యి వేసి నిలబడ్డాడు. "ముప్పై రెండేండ్లు మన్ను కింద ఒంగి నడిసిన భాయ్," అన్నాడు మెల్లగా. "పైకప్పు నెత్తికి తాకుతది, గాలి ఆడది. నాకు ఒక్కసారి గాలి లెక్క పోవాలని ఉన్నది. తప్పా?"

 సత్తార్ చేతులు తుడుచుకొని లేచి వచ్చి, సైకిలు చుట్టూ ఒకసారి తిరిగాడు. అసూయ పడకుండా ఉండలేకపోయాడు. అతుకు కనబడని నల్లటి చట్రం. చక్రాల నడుమ, మోటారు సైకిలుకు ఉన్నట్టు, అరచెయ్యంత స్టీలు బిళ్ళలు, వాటిని పట్టే బ్రేకులు. సీటు కొద్దిగా ఎత్తుగా ఉన్నదనిపించి అలవాటుగా స్పానరు తీసి ఒంగాడు.

"ఏయ్, ముట్టకు!" అన్నాడు దేవదాస్ సార్. "అది ఇనుము గాదు, కార్బన్. ఎక్కువ బిగిస్తే పలుగుతది. దానికి పానలు వేరే ఉంటయి, హైదరాబాద్ నుంచి మనిషి వస్తడు."

సత్తార్ చెయ్యి ఆగిపోయింది. హనుమండ్లు దిక్కు చూశాడు. 'ఏంగాదు సార్, మన సత్తారే' అంటాడనుకున్నాడు. హనుమండ్లు ఏమీ అనలేదు. సీటును తన తువ్వాలతో తుడిచాడు, సత్తార్ వేళ్ళు ఇంకా తగలక ముందే.

శనివారం ఇద్దరూ కొండగట్టు పోయారు. తొవ్వ పొడుగునా హనుమండ్లు ముందట పోయి, ఏదో చెట్టు కింద ఆగి, సత్తార్ రాగానే మళ్ళీ కదిలేవాడు. కలిసి తొక్కుతున్నప్పుడు ఆడే ముచ్చట్లు ఆ రోజు ఆడలేదు. గుట్ట దగ్గర సత్తార్ దిగి తోసుకుంటూ ఎక్కాడు. హనుమండ్లు గేర్లు మార్చుకుంటూ కూర్చునే ఎక్కిపోయాడు. పైకి చేరేసరికి సత్తార్‌కు ఎగపోస్తున్నది. అక్కడ హనుమండ్లు దర్శనం చేసుకొని, బండి పూజకు కూడా సిద్ధమై ఉన్నాడు.

కొత్త బండి కొంటే అంజన్న దగ్గరికి తేవాలి, సింధూరం పెట్టాలి. ట్రాక్టరయినా అంతే, ఆటో అయినా అంతే. హనుమండ్లు రెండు టైర్ల కింద నిమ్మకాయలు పెట్టాడు. కొబ్బరికాయ కొట్టాడు. భార్య బాలలక్ష్మి సీసాలో పోసి ఇచ్చిన నువ్వుల నూనెను అరచేతిలో వంపుకొని, సింధూరం కలిపి, ఎక్కడ పెట్టాలా అని వెతికాడు. మోటారు సైకిలుకైతే ముందట లైటు ఉంటుంది, టాంకీ ఉంటుంది. దీనికి ఏదీ లేదు. చట్రం మీద నూనె మరక పడితే పోదని దేవదాస్ సార్ మరీ మరీ చెప్పి ఉన్నాడు.

"గీ స్టీలు బిళ్ళలకు పెడుత. తుడుస్తే పోతది," అనుకున్నాడు పైకే. ఒక బొట్టు పెట్టాడు. తృప్తి కలగలేదు. "అంజన్నకు బొట్టు పెడుతరా? ఒళ్ళంత పూస్తరు," అని నవ్వి, ముందటి బిళ్ళకూ వెనకటి బిళ్ళకూ రెండు దిక్కులా అరచేతిలో ఉన్నదంతా పూశాడు. నూనె బొట్లు బ్రేకు సందుల్లోకి జారాయి. ఎండకు బిళ్ళలు రెండూ నారింజరంగులో మెరిశాయి.

సత్తార్ హోటల్ ముందు నుంచి చూస్తున్నాడు.  బ్రేకు పట్టేచోట నూనె పడితే ఏమవుతుందో అతనికి ఎవరూ చెప్పనక్కరలేదు. ఆ బండి తెలియకపోవచ్చు, నూనె సంగతి తెలుసు. చాయ్ గ్లాసు పెట్టేసి, జేబులోని గుడ్డ తీసుకొని వచ్చి, ముందటి చక్రం దగ్గర కూర్చున్నాడు.

"ఏందయ్యా, దేవుని సింధూరం తుడుస్తున్నవా?" అన్నది పక్కన కొబ్బరికాయలమ్మే ఆమె. గట్టిగా కూడా అనలేదు. అయినా అవతల కారుకు దండ కడుతున్న ఇద్దరు పడుచుపోరగాళ్ళు తిరిగి చూశారు. ముందు గుడ్డను చూశారు, తర్వాత సత్తార్ గడ్డాన్ని, టోపీని చూశారు.

సత్తార్ గుడ్డను ముడిచి జేబులో పెట్టుకున్నాడు. లేస్తూ, "హనుమన్నా, గా బిళ్ళకు..." అని మొదలుపెట్టాడు.

"ముట్టకు భాయ్!" అన్నాడు హనుమండ్లు. ఆ గుడ్డకున్న గ్రీసు ఎక్కడ అంటుకుంటుందోనని అన్నాడు. కానీ అచ్చం దేవదాస్ సార్ గొంతులాగే వినబడింది.

సరే, నీ బండి, నీ ఇష్టం, అనుకున్నాడు సత్తార్. హైదరాబాద్ మనిషి ఉన్నడు గద, ఆయననే రమ్మను.  పైకి ఒక్క మాట అనలేదు.

"నడుస్తవా ఇగ?" అని అడిగాడు హనుమండ్లు, నెత్తికి హెల్మెట్ బిగించుకుంటూ. "నేను కింద ఆగుత. దీనికి ఒక్క వేలుతోని బ్రేకు పడుతదట."

సత్తార్ తల ఊపాడు.

హనుమండ్లు ఒక్కసారి తొక్కి వదిలేశాడు. మొదటి మలుపు దాకా సత్తార్‌కు కనబడ్డాడు. వీపు వంచి, మోచేతులు దగ్గరికి పెట్టుకొని, నిజంగానే గాలిలాగే పోయాడు. మలుపులో వేగం తగ్గలేదు. తగ్గిస్తున్నాడేమో, తగ్గలేదేమో. తర్వాత చెట్లు అడ్డమొచ్చాయి. కేక వినబడలేదు. ఎదురుగా ఎక్కుతున్న జీపు ఒకటి ఆపకుండా హారన్ కొట్టింది, ఆ తర్వాత హారన్ కూడా ఆగిపోయింది.

సత్తార్ తన సైకిలును అక్కడే పడేసి ఉరికాడు.

రెండో మలుపులో, అంచుకు పాతిన రాళ్ళ దగ్గర, నలుగురు నిలబడి ఉన్నారు. హనుమండ్లు పక్కకు ఒరిగి పడి ఉన్నాడు. హెల్మెట్ చీలింది. సత్తార్ ఒళ్ళోకి తల తీసుకున్నాడు. హనుమండ్లు రెండు చేతుల వేళ్ళూ మడిచే ఉన్నాయి, ఇంకా బ్రేకు నొక్కుతున్నట్టు.

"పట్టలే భాయ్," అన్నాడు. కొంచెం సేపయినంక మళ్ళీ, "పట్టలే."

జీపులో వేసుకొని కరీంనగర్ దవాఖానకు పోతుంటే గంగాధర ఊరు దాటకముందే పోయాడు.

ఐదో నాడు దేవదాస్ సార్ హనుమండ్లు ఇంటికి వచ్చాడు. సత్తార్ అప్పటికే అక్కడ ఉన్నాడు. హనుమండ్లు కొడుకు పర్శరాములు దుబాయి నుంచి వచ్చి, కంటికి నిద్ర లేక, వాకిట్లో అటూ ఇటూ తిరుగుతున్నాడు. సైకిలు గోడకు ఆనించి ఉన్నది. చట్రానికి గీత కూడా పడలేదు.

"సత్తారంకుల్, నువ్వు మెకానిక్‌వు. బ్రేకు ఫెయిలైందని ఒక్క మాట జెప్పు. కంపెనీ మీద కేసేస్త," అన్నాడు పర్శరాములు.

సత్తార్ ఒంగి బ్రేకు నొక్కాడు. మంచిగనే బిగిసింది. చక్రం పట్టి తిప్పాడు. బిగిసిన బ్రేకులోంచే చక్రం మెత్తగా జారిపోయింది. బిళ్ళ మీద వేలు రాసి, ఎవరూ చూడటం లేదనుకొని, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"బండిల తప్పు లేదు కొడుకా," అన్నాడు. "స్పీడు మీద దిగిండు."

"నేను ముందే చెప్పిన," అన్నాడు దేవదాస్ సార్ నిట్టూర్చి. "బండి మంచిది తీస్కొని, హెల్మెట్ దగ్గర కక్కుర్తి పడ్డడు. అది గూడ మంచిది కొనుమన్న. వినలే."

పర్శరాములు ఆయనను సాగనంపడానికి బయటికి పోయాడు. తలుపు చాటు నుంచి బాలలక్ష్మి వచ్చింది. సైకిలు పక్కన, సత్తార్‌కు ఎదురుగా, నేల మీద కూర్చున్నది.

"నేను గూడ వాసన సూసిన అన్నా, మొన్ననే," అన్నది. "నా సేతులతోని వోసిచ్చిన నూనె. నాకు తెల్వదా?"

సత్తార్ వేలిని గుడ్డకు తుడుచుకున్నాడు.

"నూనె అయితె జారుతదా?"

"జారుతది చెల్లె."

"ఆయినె పెట్టేటప్పుడు నువ్వు ఆడనే ఉన్నవా?"

"ఉన్న."

"సూసినవా?"

"సూసిన. తుడుద్దామని పోయిన. దేవుని సింధూరం తుడుస్తున్నవా అన్నరు. మనుషులు సూసిండ్రు. దినాలు మంచిగ లెవ్వు గద చెల్లె, నా అసొంటోడు ఆడ..."

బాలలక్ష్మి ఆ మాట అర్థమైనట్టు తల ఊపింది. అర్థమైంది కూడా. చీర కొంగు కొసను వేలికి చుట్టుకున్నది.

"తుడిస్తె అంటరన్నా," అన్నది. "మరి నడిసి దిగు అంటె ఎవలంటరు?"

సత్తార్ తల దించుకున్నాడు. చెప్పకుండా పోవచ్చు. ఆమె ఇంతకంటే అడిగేది లేదు.

"కోపముండె చెల్లె," అన్నాడు. "బండి ముట్టొద్దన్నరు. నా దోస్తు ఒక్క మాటన్న అనలే. గా కోపంల ఉన్న. జర తిప్పలు పడనీ, తెలుస్తది అనుకున్న. గింతైతదనుకోలే."

బాలలక్ష్మి ఏడవలేదు. లేచి, పర్శరాములు ఇంకా గేటు దగ్గరనే ఉన్నాడా అని చూసింది.

"గీ మాట వాని చెవుల పడనియ్యకు," అన్నది. "వాడు ఆవేశం మీదున్నడు. ఏదన్న ఒకటైతె ఇంకో ఇల్లు ఆగమైతది." లోపలికి పోబోయి, గడప మీద ఆగింది. మొహం ఇటు తిప్పలేదు. "పదకొండో దినానికి నువ్వు రాకన్నా. నా మనసు మంచిగ లేదు."

పదకొండో దినం పొద్దున్నే సత్తార్ దుకాణం తెరిచాడు. ఆ గల్లీలోంచే దినానికి పోతున్నవాళ్ళు ఇద్దరు ముగ్గురు ఆగి పలకరించారు.

"ఏం భాయ్, నువ్వు రావా? నీ జాన్ దోస్తు గద?"

పని ఉన్నదని చెప్పాడు. దుకాణంలో ఒక్క సైకిలు కూడా లేదు.