కరుణమ్మ ఇచ్చిన మూలుగ

ఆదివారం చర్చి అయ్యాక కరుణమ్మ టీచరు జమ్మలమడుగులో బస్సెక్కి, ప్రొద్దుటూరులో తమ్ముడు యేసురత్నం నడిపే టీ అంగడికి వచ్చేది. ఆమె ఇంకా బస్టాండులో ఉండగానే ఎవరైనా "కరుణమ్మ వచ్చిందా?" అని అడిగితే, యేసురత్నం మోకాళ్లలోంచి "ఆఁ, ఈడనే ఉండా" అని ఆమె గొంతు పలికేది. రక్త క్యాన్సరుతో చావబోయిన తమ్ముడికి అక్క తన ఎముకల్లోని మూలుగ ఇచ్చింది. ఆ మూలుగే పలికేది. అడిగినవాళ్లు సరేనని టీ తాగి పోయేవాళ్లు.

ఆరేళ్లకు క్యాన్సరు మళ్లీ వచ్చింది. ఈసారి చెడినవి అక్క ఇచ్చిన కణాలేనన్నాడు డాక్టరు. అక్క ఒంట్లో మాత్రం ఏ జబ్బూ లేదట. ఇది లక్షల్లో ఒకరికి వచ్చే కష్టమనీ, ఎవరి తప్పూ కాదనీ, చెల్లెలు దీవెనమ్మ మూలుగ సరిపోయింది కాబట్టి వెంటనే రమ్మనీ చెప్పాడు. ఆ మంచి మాట ఎవడు విన్నాడు? కరుణమ్మ భర్త ఎదుటి పార్టీకి బూత్ ఏజెంటు. ఎన్నికలు నెల రోజుల్లో ఉన్నాయి. యేసురత్నం పార్టీ లీడరు శేషయ్యకు చచ్చేవాడు దొరికాడు, చంపినవాళ్లూ దొరికారు.

"చెడిపోయిన మూలుగ కావాల్నని ఎక్కించినారప్పా. ఓట్లు అయ్యేదాకా ఆస్పత్రి మాట ఎత్తాకు" అని శేషయ్య యేసురత్నాన్ని పోలీసు స్టేషనుకు పట్టుకొచ్చాడు. సంగతి తెలిసి కరుణమ్మ బడి నుంచి నేరుగా వచ్చింది.

"నలభై ఏండ్లు నా ఒంట్లో శానా బాగుండినాయి రా అవి. నీ ఒంట్లోకి వచ్చినాకనే చెడినాయి. నేనేమన్నా నీ మింద కేసు పెట్టినానా?"

శేషయ్య ఆమెను చూడనట్టే "రాసుకో" అన్నాడు.

ఫిర్యాదులు రాసే రైటరు అల్లాబక్ష్ కాగితం తీసి, "ముద్దాయి పేరు?" అన్నాడు.

"కరుణమ్మ" అన్నాడు శేషయ్య.

"ఆఁ, ఈడనే ఉండా."

కరుణమ్మ నోరు విప్పలేదు. పలికింది ఫిర్యాదు చేసేవాడి మోకాళ్లు. అల్లాబక్ష్ తనే ఆ పేరు పెట్టి పిలిచాడు. మళ్లీ అక్కడే పలికింది, నీరసంగా. అతను పెన్ను కింద పెట్టాడు.

"ముద్దాయి ఈయప్ప ఒంట్లోనే ఉంది. అరెస్టు చేయాలంటే ఈయప్పనే లోపలెయ్యాల. ఏయమంటావా శేషయ్యప్పా?"

లాకప్పులో ఉన్న రోగిని ఓట్ల కోసం జీపెక్కించి ఊరేగించడం కుదరదు. శేషయ్య విసుక్కుంటూ వెళ్లిపోయాడు, యేసురత్నం వైపు తిరిగైనా చూడలేదు.

"అక్కా," అన్నాడు యేసురత్నం, "దీవెనమ్మ ఇప్పుడు ఒప్పుకుంటాదా?"

"ఆయమ్మ నాలుగు దినాలుగా ఆస్పత్రిలో మంచమెక్కి నీకోసం కాచుకోనుంది, సిగ్గులేనోడా. లెయ్."